పెర్సీ టోజర్‌కు ఇష్టమైన జిన్

"ఇక పథ్యాలేం వద్దు, మిసెస్ టోజర్. ఆయనకి ఏది ఇష్టమైతే అది పెట్టండి" అన్నాడు డాక్టరు.

ఆ మాటకు అర్థం తెలియనంత అమాయకురాలు కాదు మ్యూరియల్. పెర్సీ పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరి పదకొండు రోజులైంది. కుడివైపంతా పడిపోయింది. మంచినీళ్ళు కూడా ఏదో పొడి కలిపి జావలా చిక్కగా చేసి చెంచాతో పట్టాల్సిందే, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయట. రోజుకు రెండు మూడు మాటలు, అవీ ముద్దముద్దగా. ఇంకెన్నాళ్ళు? రెండు రోజులో, మూడు రోజులో.

ఇష్టమైంది పెట్టమంటే ఏం పెట్టాలి? పెర్సీ ముప్పయ్యారేళ్ళు ఇంగ్లండులోని ప్లిమత్ రేవులో, బార్బికన్ రాళ్ళ వీధిలో బార్ నడిపిన మనిషి. దానికి ముందు నౌకాదళంలో ఆఫీసర్లకు గ్లాసులందించాడు. జిన్ అంటే నీళ్ళలా తేటగా ఉండే ఘాటైన మందు, ఏ పానీయంలోకి ఏ జిన్ అన్న విషయంలో ఊళ్ళో ఆయన మాటకు తిరుగులేదు. "మంచి జిన్ ఏదో ఇవ్వు పెర్సీ" అని ఎవరైనా అడిగితే చాలు, "పెళ్ళికూతుర్ని చూపించకుండా పెళ్ళికొడుకుని వెతకమంటే ఎలాగయ్యా? ముందు దాంట్లో ఏం కలుపుకుంటావో చెప్పు" అనేవాడు.

మ్యూరియల్ మాత్రం ఆ బార్ గడప ఏనాడూ తొక్కలేదు. తొమ్మిదో ఏటనే మెథడిస్టు క్రైస్తవుల చాపెల్‌లో మందు ముట్టనని సంతకం పెట్టింది. సరదాకి పెట్టలేదు. రేవులో కూలి చేసే తండ్రి శుక్రవారం శుక్రవారం తాగొచ్చి ఇంటిల్లిపాదినీ చావబాదేవాడు. తల్లికి ముందుపళ్ళు పోయింది ఆయన చేతుల్లోనే. అందుకే పెర్సీ పెళ్ళాడతానని వస్తే ఒకే ఒక్క షరతు పెట్టింది. "అమ్ముకో, అది నీ బతుకుతెరువు, కాదనను. నీ నోట్లో మాత్రం చుక్క పడకూడదు." సరేనన్నాడు.

సరేనన్నాడు గానీ ఆవిడ ఒక్కరోజు నమ్మితే ఒట్టు. ఎలా నమ్ముతుంది చెప్పండి? ఇంటికొచ్చేసరికి మనిషి గుప్పున కొట్టేవాడు. చేతులు, చొక్కా, చివరికి జేబురుమాలు కూడా. కోటు విప్పకముందే దగ్గరికొచ్చి చేతులు పట్టుకుని వాసన చూసేది. "తాగలేదు మ్యూరియల్" అనేవాడు. "నా ముక్కు అబద్ధమాడుతోందా?" అనేది. నాలుగైదేళ్ళు చెప్పి చెప్పి ఆయన నోరు మూసుకున్నాడు. ఈవిడ పక్క వేరే గదిలో వేసుకుంది. ఇక ఆ ఇంట్లో పిల్లలెక్కడినుంచి వస్తారు? మంచిగానే మాట్లాడుకునేవాళ్ళు, కలిసే భోంచేసేవాళ్ళు, ఆదివారం కలిసే చాపెల్‌కి వెళ్ళేవాళ్ళు. అంతే, అంతకుమించి ఏమీ లేదు.

డాక్టరు మాట విన్నాక మ్యూరియల్ చాలాసేపు మంచం పక్కన కూర్చుంది. "తాగుబోతే అనుకో, నా మొగుడేగా. పోయేముందు ఒక్క గుక్క నా చేతులతో పోస్తే నా సంతకం ఏమైనా చెరిగిపోతుందా?" అనుకుంది. చాపెల్‌కి పెట్టుకునే టోపీయే పెట్టుకుని, పట్టపగలు పదకొండింటికి, బార్ తలుపు తోసింది.

పెర్సీ దగ్గర పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఐవీ గ్లాసులు తుడుస్తోంది. ఎదురుగా ఎత్తు బల్లమీద క్లెమ్ హాకింగ్. ఒకప్పుడు రేవులో ఓడల్ని లాగే టగ్గు నడిపేవాడు, ఇప్పుడు ఆ బల్లే అతని ఇల్లు.

"ఆయనకి ఇష్టమైన జిన్ కొంచెం కావాలి ఐవీ. డాక్టరు పట్టొచ్చన్నాడు."

ఐవీ కళ్ళు తుడుచుకుని సీసాల వైపు తిరిగింది. "ఏం కలపడానికి, మిసెస్ టోజర్? టానిక్ సోడాలోకైతే ఈ లండన్‌ది. దీంట్లో వేసే జూనిపర్ కాయల ఘాటు గట్టిగా లేకపోతే టానిక్ చేదు దాన్ని మింగేస్తుందనేవాడు. తియ్యటి నిమ్మరసంలోకైతే ఇదిగో, ఈ నావికుల జిన్, మహా బలం దీనికి. బిట్టర్స్ అనే ఎర్రటి చేదు అర్కు చుక్కలేసే పింక్ జిన్‌కి మాత్రం మన ఊరిదే. మెత్తగా ఉంటుంది. ఓసారి పొరపాటున వేరేది పోశానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు."

"ఇవన్నీ వచ్చిపోయేవాళ్ళకి. ఆయన ఏది తాగేవాడు?"

ఐవీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. క్లెమ్ గ్లాసు కింద పెట్టాడు.

"వెటకారమా, మిసెస్ టోజర్?" అన్నాడు. "బతికినన్నాళ్ళూ తాగనివ్వకుండా చేసి, ఇప్పుడొచ్చి ఏది తాగేవాడని అడుగుతారా?"

"నేను తాగనివ్వకపోవడమేంటి? రోజూ తాగే వచ్చేవాడుగా ఇంటికి!"

"పెర్సీయా? మా పెర్సీయా?" క్లెమ్ నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. "అతన్ని మేం ఎంత ఏడిపించామో మీకేం తెలుసు? పుట్టినరోజులకి బతిమాలాం. పందేలు కాశాం. మా అమ్మాయి పెళ్ళిలో నలుగురం పట్టుకుని నోట్లో పోయబోయాం. 'మా ఆవిడకి మాటిచ్చానురా, వదలండ్రా' అని ఒకటే గోల. బార్ పెట్టుకుని మందు ముట్టని వెధవ ప్రపంచం మొత్తంలో వీడొక్కడేరా అని నవ్వుకునేవాళ్ళం."

"మరి ఆ వాసన?"

ఐవీ ఊరి జిన్ సీసా తీసి అరచేతిలో రెండు చుక్కలు వేసుకుంది. రెండు చేతులూ గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చింది. "ఇలా వాసన చూసే ఎంచేవాడు. కొత్త సరుకు వచ్చినా ఇంతే, కొత్త పానీయం కలిపినా ఇంతే. నాలిక మీద పెట్టుకునేవాడే కాదు. రోజుకు ఇరవైసార్లు రుద్ది చొక్కాకే తుడుచుకునేవాడు. గుడ్డ ఇచ్చినా వినేవాడా?" అంటూ చేతులు మ్యూరియల్ ముందుకు చాచింది.

అదే వాసన. ముప్పయ్యారేళ్ళూ తన ఇంట్లోకి వచ్చిన వాసన. క్లెమ్ లేచి మ్యూరియల్‌ని తన బల్లమీదే కూర్చోబెట్టాడు. అయ్యో, ఎంత పాపం చేశాను, ఎన్నేళ్ళు మింగేశాను అని పైకే అనేసింది. వాళ్ళేం ఓదార్చగలరు?

ఏడుపు తగ్గాక సీసా చూపించింది. "దీన్నే ఇవ్వు. ఇన్నేళ్ళు వాసన చూసి ఊరందరికీ పోశాడు. ఒక్కసారైనా రుచి చూడనీ. ఆ మాట తీసుకున్నదాన్ని నేనేగా, నేనే వదిలేస్తున్నానని చెబుతాను."

ఐవీ గ్లాసులో బిట్టర్స్ తిప్పి, జిన్ పోసి, చిన్న సీసాలో నింపి ఇచ్చింది. మ్యూరియల్ దాన్ని గుండెలకు అదుముకుని ఆస్పత్రికి నడిచింది. దారంతా చెప్పవలసిన మాటలే కూడబలుక్కుంది. నమ్మకపోవడం నా తప్పు పెర్సీ, నన్ను క్షమించు. అంతే, ఇంకేమీ లేదు. అది ఆయన చెవిన పడితే చాలు.

నర్సు మంచిదే. ఏమీ అనకుండా పొడి కలిపి గులాబి రంగు జావలా చేసి ఇచ్చింది. మ్యూరియల్ చెంచా ఆయన పెదాల దగ్గరికి తీసుకెళ్ళింది.

పెర్సీ ముక్కుపుటాలు కదిలాయి. కళ్ళు తెరిచాడు. చెంచాను చూశాడు, దాన్ని పట్టుకున్నది ఎవరో చూశాడు. ఒక్కసారిగా ఆ కళ్ళనిండా భయం. పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. బాగున్న ఎడమచేతిని గబగబా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"తా... గలేదు" అన్నాడు. "తాగలేదు, మ్యూరియల్."

"తెలుసు పెర్సీ, తెలుసయ్యా! నాకంతా చెప్పారు. ఇది నేనే తెచ్చాను, ఒక్క చుక్క తీసుకో. నేను నమ్ముతున్నాను, వినబడుతోందా? నమ్ముతున్నాను!"

ఆవిడ అరుపుకు వార్డంతా తిరిగి చూసింది. నర్సు వచ్చి భుజం పట్టుకుంది. "ఇప్పుడు మీరేం చెప్పినా ఆయనకి అందదమ్మా" అంది.

మూడోరోజు పొద్దున్న పోయాడు. మ్యూరియల్ ఆ మంచం పక్కనుంచి కదల్లేదు, నమ్ముతున్నానని చెప్పడమూ మానలేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా పెర్సీ ఆవిడకు 'తాగలేదు' అన్న ఆ ఒక్క మాటే చెప్పాడు, చేతిని మాత్రం దుప్పటి కిందనుంచి బయటికి తియ్యలేదు.