నొప్పి లేదని రాసిన చీటీ

నొప్పిని అణచే మార్ఫిన్ మందు ఉండి కూడా, ఒక మనిషిని పదకొండు వారాలుగా నొప్పికే వదిలేశారు. అతడు ఆండర్సన్‌పేట చిన్నవెంకటప్ప, ముప్ఫై ఏళ్లు బంగారు గనిలోకి దిగినవాడు. ఊపిరితిత్తుల్లో పుట్టిన క్యాన్సర్ ఇప్పుడు ఎముకలకు పాకింది.

డాక్టరు ముందు నొప్పి అంటే పని పోతుందని గనిలో పట్టుకున్న భయం అతడిని నేటికీ వదలలేదు. ఆసుపత్రిలో తెల్లకోటు కనబడగానే వెన్ను నిటారుగా నిలిపి, "నొప్పి లేదు సార్, బాగుండాను" అన్నాడు. డాక్టరు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అదే రాశాడు.

భార్య గురువమ్మకు ఒళ్లు మండింది. "యాడ బాగుండాడు సార్? ఇంట్లో తువ్వాలు కొరికి కొరికి చిల్లులు పెట్టినాడు. ఈడ మాత్రం మేనేజరు ముందర నిల్చున్నట్ట నిల్చుంటాడు."

"ఊరుకోమే, సార్‌తో వాదమా?" అన్నాడు చిన్నవెంకటప్ప.

"ఆయనే లేదంటున్నాడు కదమ్మా. మార్ఫిన్ అలవాటైతే కష్టం," అన్నాడు డాక్టరు.

"నెల దాటేది డౌటని మీరే అంటిరి. ఇంగ అలవాటైతే ఎవురికి సార్ కష్టం?"

జవాబుగా ఆమె చేతికి పారాసెటమాల్ చీటీ వచ్చింది. దాన్ని తాకడానికే ఆమెకు రోత పుట్టింది.

ఆసుపత్రి పెద్దలారా, చిన్నవెంకటప్ప ఇంకా బతికే ఉన్నాడు. ఆ ఇంటికి రండి. దుప్పటి మార్చడానికి గురువమ్మ అతడిని పక్కకు తిప్పేటప్పుడు అతని ముఖం చూడండి. నొప్పి ఎంతో ఆమెను అడిగి రాయండి. మార్ఫిన్ ఈరోజే ఇవ్వండి.