అంచు దాటిన వరద

భార్గవీ నది ఒడ్డున ఉన్న మా చిత్రకారుల వీధికి కోడలిగా వచ్చిన కుంజలత మహారణా పదకొండేళ్లపాటు చింతగింజల జిగురు కాచింది. పటాల గుడ్డ కోసం దానిలో సుద్ద కలిపి పాత చీరలకు పూసింది. ఆరిన గుడ్డను గులకరాతితో నునుపు చేసింది. గీత మాత్రం ఆమె మామగారు అపర్తి మహారణాది. ముందుగా అంచు గీసి, ఆ తరువాతనే లోపల దేవుణ్ణి కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. వీధి మొత్తానికీ అదే పద్ధతి.

కోడలిగా వచ్చిన పన్నెండో ఏట ఆమె సొంతంగా ఒక పటం వేసింది. అందులో దేవుడు లేడు. వరద నీరు నిండిన గది, మంచం మీద కూర్చుని చింతగింజలు నూరుతున్న అత్తగారు, చుట్టూ చేపలు. అంచు లేదు. బుధవారం సాయంత్రంలోగా దానిని భువనేశ్వర్ ప్రదర్శనకు అందజేయాలి. స్వీకరిస్తే, మొదటిసారిగా ఒక పటం కింద ఆమె పేరు ఉంటుంది. వీధిలో అందరికీ అర్జీలు రాసిపెట్టేది నేనే కనుక, దరఖాస్తు రాసే బాధ్యత నాకు అప్పగించారు.

దరఖాస్తుకు అతికించే ఫొటో కోసం మంగళవారం పూరీ వెళ్లిన కుంజలత, మరునాటి ఉదయం తిరిగి వచ్చి పటం ముందు నిశ్చేష్టురాలై నిలబడింది. నాలుగు వైపులా ఎర్రని అంచు, దాని మీద తెల్లని పూలతీగ.

"తొందరలో అంచు మరిచిపోయావు కదమ్మా!" అన్నారు అపర్తి సంబరంగా. "జగన్నాథుడి స్నానపూర్ణిమ పటాలకని దాచిన ఇంగిలీకం ఎరుపు మొత్తం దీనికే పెట్టేశా."

"మరిచిపోలేదు మావయ్యా. వరద ఎక్కడా ఆగకూడదనే వదిలేశాను."

ఆయన ముఖం పాలిపోయింది.

"నలభై ఏళ్లుగా నాకూ అంచు గీస్తూనే ఉన్నాడు, నిన్ను వదుల్తాడా?" అంది అత్తగారు పొయ్యి దగ్గర నుంచి. "అయినా నన్నంత లావుగా వేశావేంటే? చేపలు బెదిరిపోవూ?"

"గీకేస్తే?" అన్నారాయన.

"సుద్ద కూడా లేచొస్తుంది. ఇంకో గుడ్డ ఆరాలంటే మూడు రోజులు," అంది కుంజలత.

"అయ్యా, అంచు మామ గీశాడని దరఖాస్తులో రాసేయండి. తప్పు నాది," అన్నారు అపర్తి నాతో.

అటువంటి గడి దరఖాస్తులో లేదని మనవి చేశాను.

కుంజలత పటం నాలుగు మూలలూ పరికించింది. పిమ్మట ముసుగు సవరించుకుని కూర్చుంది.

"ఆ నీలం రంగు చిప్ప ఇటివ్వండి మావయ్యా."

కుడివైపు కింది మూలన ఎరుపు మీదుగా నీలం పారించింది. జానెడు అంచు తెగిపోయింది. తెగిన చోట ఒక చేప సగం లోపల, సగం బయట నిలిచింది.

మామగారు వంగి చూశారు. "తీగ తెగాక పువ్వు అలా నిలబడదమ్మా. నీళ్లలో పడాలి."

"అయితే మీరే వెయ్యండి."

ఆయన మూడు పువ్వులు నీటిపై తేల్చారు. ఎండలో ఆరిన పటం పదకొండు గంటల బస్సులో వెళ్లింది; స్వీకరించారు. కింద కుంజలత పేరే ఉంది.

ఆమె పటాలకు నేటికీ అంచు ఆయనే గీస్తారు. గీసే ముందు, "ఈసారి ఏ మూల తెంచుతావు?" అని అడిగి, ఆ చోట ఇంగిలీకం పల్చగా పూస్తారు.