తవుడుకి అమ్మిన హన్నా

నా పేరు హన్నా. మాది సంతబొమ్మాళి దగ్గర సముద్రం ఒడ్డున, వేటకెళ్లేవాళ్ల ఊరు. మా ఇంట్లో గంగమ్మ పటం ఉంది, శుక్రవారం శుక్రవారం దీపం పెడతాం. అయినా నా పేరు వినగానే ఎదుటివాళ్ల చూపు ముందు నా నుదుటి మీదకి పోతుంది, తర్వాత మెడలోకి. కాశీబుగ్గ గుళ్లో అర్చన చేయించుకుంటే పూజారిగారు గోత్రం రెండోసారి అడుగుతారు. చిన్నప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది గానీ, జవాబు చెప్పే ఓపిక వచ్చింది.

జవాబు ఇది. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, ఏడాది తిరక్కుండానే పోయారు. ఆ ఇద్దరినీ చంకనేసుకుని "నా కూతురు, నా కూతురు" అంటూ వీధంతా తిప్పి చూపించిందట అమ్మ. కన్నతల్లి నోరే తగిలిందని ఎవరో పెద్దావిడ అనేసింది. ఆవిడ ఎప్పుడో పోయింది గానీ, ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయింది.

పిల్లలు దక్కని ఇళ్లలో, తర్వాత పుట్టిన బిడ్డను మా వైపు తవుడుకి అమ్ముతారు. చేటలో పడుకోబెట్టి ఎవరికైనా ఇచ్చేస్తారు. వాళ్లు బదులుగా చేటెడు తవుడు పోస్తారు. ఇక బిడ్డ వాళ్లది, పెంచేది మాత్రం కన్నతల్లే. అంత చవగ్గా పోయిన బిడ్డ మీద చావుకి కూడా కన్ను పడదని నమ్మకం. అందుకే మా ఊళ్లలో ఏ వీధిలో పిలిచినా ఒక తవిటమ్మో తవిటయ్యో పలుకుతారు. నేనూ తవిటమ్మని కావలసినదాన్నే.

నన్ను కొన్నది టెక్కలి నర్సమ్మగారు, అమ్మకు పురుడు పోసినావిడ. ఆవిడ క్రైస్తవురాలు. ఇలాంటివి నేను నమ్మనంటూనే, అమ్మ ఏడుపు చూడలేక మిల్లు నుంచి తవుడు తెప్పించి పోసింది. కొన్నదాన్ని నేను కాబట్టి పేరు కూడా నేనే పెడతానని పట్టుబట్టింది. వాళ్ల బైబిల్లో పిల్లల్లేని ఒకావిడ గుడిలో పెదాలు మాత్రం కదుపుతూ ఏడుస్తుంటే, తాగి వచ్చిందనుకున్నాడట అక్కడి పూజారి. ఆ ఏడుపు ఊరికే పోలేదు, ఆవిడకు బిడ్డ పుట్టాడు. ఆవిడ పేరే నాకు పెట్టారు. మన దేవుళ్లకే తెలీని పేరు యముడికేటి తెలుస్తాదని మా నాన్న వెంటనే ఒప్పేసుకున్నాడట. నోరు తిరక్క ఊరంతా నన్ను "అన్నా" అనేది. మగపిల్లలైతే దండం కూడా పెట్టేవారు, వెధవలు.

ఈమధ్య ఫోన్‌లో వెతికి చూశాను. అది హీబ్రూ మాట, కృప అని అర్థం. వాళ్లు మొదటి అక్షరాన్ని గొంతు లోపల్నుంచి గీరినట్టు పలుకుతారట. గ్రీకువాళ్ల దగ్గరికెళ్లేసరికి ఆ అక్షరం పోయి అన్నా అయిందట. అంటే మా ఊరివాళ్లు పెద్ద తప్పేం చెయ్యలేదన్నమాట. ఇప్పుడు నేను పాఠాలు చెప్పే పలాస స్కూల్లో ఎల్‌కేజీలోనే ఇద్దరు హన్నాలున్నారు. ఒకత్తె జీడిపప్పు వ్యాపారి మనవరాలు, ఇంకొకత్తె గుమస్తాగారి కూతురు. పొట్టిగా, స్టైల్‌గా ఉందని పెట్టుకున్నారు. వాళ్ల బొట్టు వైపు ఎవరూ చూడరు. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్లుగా ఉంటుంది.

బిడ్డను అమ్మిన తల్లులందరూ కొన్నాళ్లకు ఆ సంగతి మరిచిపోతారు. మా అమ్మ మరవలేదు. బస్సులో ఎవరైనా నీ కూతురా అని అడిగితే, "కాదమ్మా, నర్సమ్మగారి పిల్ల. నాకాడుంటాది" అనేది. నా ముందే. టెన్త్‌లో స్కూల్ ఫస్ట్ వచ్చిన రోజూ అదే మాట. నేను నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకునే మనిషి, నలుగురిలో నన్ను తనదనదు. ఎన్నిసార్లు పోట్లాడానో! ఒక్కసారి నా కూతురు అను, చాలు అని కంచం ముందు కూర్చుని మొండికేశాను. అన్నం కలిపి ముద్దలు పెట్టింది గానీ ఆ మాట అనలేదు. భయమని తెలుసు. తెలిసినా ఏడుపొచ్చేది.

మొన్న మందస నుంచి పెళ్లివారు ముహూర్తం మాట్లాడుకోవడానికి వచ్చారు. అబ్బాయి మంచివాడు, పేరు గురించి అతనికి ఏ పట్టింపూ లేదు. అతని మేనత్తకుంది. కాఫీలయ్యాక ఆవిడ మెల్లగా మొదలుపెట్టింది. శుభలేఖ మీద ఆ పేరు చూస్తే బంధువులు ఏమనుకుంటారో అంది. లక్ష్మి అని కలిసొచ్చేలా మంచి పేరు చూసి, పెళ్లిలో మార్చేసుకుందామంది. నాన్న తల దించుకున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కడిగేద్దామని నోరు తెరిచాను.

ఈలోగా గుమ్మం దగ్గర్నుంచి అమ్మ మాట్లాడింది. పదిమంది కూర్చున్న చోట ఎప్పుడూ గొంతెత్తని మనిషి.

"ఆ పేరు తీసీడానికి నేదు వదినా. నా కూతురు ఆ పేరుతోటే బతికినాది."

మేనత్త సర్దుకుని, మీ ఇష్టమే కానివ్వండి అంది. అమ్మకు అదేదీ వినపడలేదు. తన నోటి నుంచి వచ్చిందేమిటో అప్పుడే తెలిసింది కాబోలు, మొహంలో నెత్తురు చుక్క లేదు. పెళ్లివారి మధ్య నుంచి గబగబా నా దగ్గరికొచ్చి, అందరూ చూస్తుండగానే నా ముక్కు కింద వేలు పెట్టింది.

"ఉన్నానే అమ్మా," అన్నాను. "ఇక్కడే ఉన్నాను."