యాదగిరి గారు రద్దు చేసిన నమూనా

మా వాతావరణ ప్రయోగశాల సహాయకులు యాదగిరి గారు మొన్న మంగళవారం లాలాగూడలోని స్వగృహంలో పరమపదించారన్న వార్త నాకు తార్నాక బస్టాపులో అందింది. నిశ్చేష్టుణ్ణై నిలబడిపోయాను, రెండు బస్సులు వెళ్లిపోయాయి. ఊపిరితిత్తులు పాడయ్యాయట. జీవితమంతా గాలిని సేవించిన మనిషి పట్ల గాలి చూపిన మర్యాద ఇది.

ఆయన చదువు పదో తరగతితో ఆగింది. మా ఆచార్యులు గంటసేపు వర్ణించే వాయుమండల మాహాత్మ్యాన్ని ఆయన చాయ్ చల్లారేలోపు చెప్పేవారు. "చంద్రుడు గూడ సూర్యునికి మనంత దూరంలనే ఉన్నడు సార్. గాడ పగలు మాడుతది, రాత్రి గడ్డకడతది. మనకు గాలి దుప్పటి ఉన్నది, ఆయనకు లేదు. గంతే ఫరక్."

ఏడాదిపాటు రోజూ ఉదయం మేడమీది గాలిని గాజుబుడ్డిలో పట్టి, అందులోని కార్బన్ డయాక్సైడును కొలవడం నా పరిశోధన. ఒక్కరోజు తప్పినా వరుస తెగుతుంది. మనిషి ఊపిరి సోకితే నమూనా చెడుతుంది కనుక మేడ తలుపుకు గడియపెట్టి, ఊపిరి బిగబట్టి బుడ్డి తెరవాలి. నాకు దగ్గు, ఆ పని ఆయన తీసుకున్నారు. మధ్యాహ్నం తెలంగాణ దీక్షా శిబిరంలో కూర్చునేవారు, ఉదయం కృష్ణా జిల్లావాడినైన నా పరిశోధనను కాపాడేవారు. ఈ రెంటికీ పేచీ ఉందని ఆయనకెవరూ చెప్పలేదు. నేనూ గుర్తుచేయలేదు.

పదకొండో నెలలో ఒక ఉదయం క్యాంపస్‌లో పోలీసులు బాష్పవాయువు వదిలారు. అది బరువైనది, నేలబారున పేరుకుంటుంది. కళ్లు మండి దారి కనపడని విద్యార్థులు మెట్లెక్కి వచ్చి మా తలుపు బాదారు. అప్పుడే బుడ్డి తెరిచి ఉంది.

"ఒక్క నిమిషం ఆగండి యాదగిరి గారూ, మూసేదాకా" అన్నాను.

"పిల్లలు ఊపిరాడక సస్తుంటే ఈ గాలి ఎవలకోసం కొలుస్తున్నం సార్?"

గడియ తీశారు. ముప్ఫైమంది మేడమీదికి వచ్చి పడ్డారు. ఒక్కొక్కరి మొహం తడి తువ్వాలుతో తుడుస్తూ, మూల నిలబడ్డ నాతో, "మీరు గూడ పీల్చుకోండ్రి సార్. ఇయ్యాల ఫ్రీ" అన్నారు.

రిజిస్టరులో ఆయనే రాశారు: "నమూనా రద్దు. కారణం: మనుషులు ఊపిరి పీల్చుకున్నారు."

సిద్ధాంత గ్రంథంలో ఆ వాక్యం వేసే ధైర్యం నాకు చాలలేదు. "పరికర లోపం" అని రాసి డాక్టరేటు పుచ్చుకున్నాను. ఆయన అచ్చుప్రతి తిరగేసి, ఆ పుట దగ్గర కాసేపు ఆగి, "బైండింగ్ మంచిగున్నది సార్" అన్నారు. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

ఆ ఉద్యోగానికి శాఖవారు ప్రకటన ఇస్తారు, ఎవరో చేరతారు. ఆ మహనీయుడి లోటు మాత్రం తీరదు. ఆయన బతికుండగా చేయవలసిన సవరణను, ఆయన చదవలేని ఈ నివాళిలో చేస్తున్నాను: ఆ రోజు పరికరంలో ఏ లోపమూ లేదు. తలుపు తీయవద్దన్నది నేను.