ఆరున్నర శ్రుతిలో రాష్ట్ర గీతం

మజీదాకు గొంతు దేవుడిచ్చాడని మా బడిలో అందరూ అనేవాళ్ళు. నాది మాత్రం సంతలో కొనుక్కొచ్చినట్టు! పదకొండేళ్ళు రోజూ పొద్దున ప్రార్థన ఎత్తుకున్నది నేను, హార్మోనియం వాయించింది నేను. ఆమె వచ్చి నాలుగేళ్ళు కాలేదు, అందరి నోటా ఆమె పేరే. ఆమె కథ చెప్పాలంటే నా కుళ్ళు కూడా చెప్పుకోవాలి. చెబుతాను, ఇప్పుడు దాచుకుని మాత్రం ఏం చేసుకుంటాను?

శాలిబండ పక్కన ఒక గల్లీలో ఆడపిల్లల సర్కారు బడి మాది. ఒకవైపు తెలుగు మీడియం, ఒకవైపు ఉర్దూ మీడియం, మధ్యలో ఒక్కటే వాకిలి. నా పేరు కళావతి, తెలుగు టీచర్ని. మా నాన్న రామలింగయ్య ధూల్‌పేటలో భజనలకు హార్మోనియం వాయించేవాడు, నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మజీదా కుట్లు, అల్లికలు నేర్పేది. ఆమెది టెంపరరీ పోస్టు. ఏటా డిసెంబరు ఆఖరుకు ఆర్డరు అయిపోయేది, పైనుంచి మళ్ళీ కాగితం వస్తేనే జనవరిలో బడికి రావాలి.

ఆమె తండ్రి దస్తగీర్ లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసేవాడు. ఏడేళ్ళ వయసు నుంచే మజీదా దుకాణం గడపలో కూర్చుని వచ్చినవాళ్ళకు గాజులు తొడిగేదట. గుడిమల్కాపూర్ నుంచి పూలమ్ముకునే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు, పెళ్ళికూతుళ్ళను వెంటబెట్టుకుని తల్లులు వచ్చేవాళ్ళు. బిగుతు గాజు ఎక్కేటప్పుడు నొప్పి తెలియకుండా వాళ్ళచేత పాట పాడించేదట. "మీరు పాడుతుండుండ్రి, గాజు నేను ఎక్కిస్త" అనేదట. అట్లా వచ్చింది ఆమెకు తెలుగు, పాటతో సహా. రాయడం, చదవడం మాత్రం ఉర్దూలోనే. భర్త వహీద్ రిక్షా తొక్కేవాడు, క్షయతో పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. తండ్రికి చూపు మందగించాక ఇల్లంతా ఆమె జీతం మీదే నడిచింది.

డెబ్బై ఆరులో మా బడికి సైక్లోస్టైల్ చేసిన కాగితం ఒకటి వచ్చింది. సర్కారు ఒక పాటను రాష్ట్ర గీతంగా తీసుకుంది, ఇకనుంచి దాన్ని అందరూ నిలబడి పాడాలి. మా అటెండర్ భిక్షపతి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది టీచరమ్మా, పాటకు గూడ సర్కారు ముద్ర గుద్దుతరా?" అన్నాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ గొడవలు చూసిన ఊరు మాది. ఈ పాట మనదా, ఆంధ్రావాళ్ళదా అని స్టాఫ్ రూములో గొణుక్కున్నవాళ్ళూ ఉన్నారు. నాకా ఫికరేమీ లేదు. సర్కారు పాట, దాన్ని ఎత్తుకునేది నేను. ఆ రాత్రి సంబరంతో నాకు అన్నం కూడా సయించలేదు.

మజీదాకు ఆ పాట నేర్పింది నేనే. నా ఖర్మ! "అక్కా, జర మెల్లగ చదువు, రాసుకుంట" అని నా పక్కన చేరింది. జాకెట్ల కొలతలు గీసుకునే గోధుమరంగు కాగితం మీద, కుడి నుంచి ఎడమకు, ఉర్దూ అక్షరాల్లో తెలుగు పాట రాసుకుంది. ఒక మాట దగ్గర ఆగి, "గిదాని మత్లబ్ ఏందక్కా?" అంది. నాకూ తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాక, "పాడేదానికి అర్థాలెందుకే, పాడు" అని కసిరాను. ఆమె ఊరుకుంటుందా? నేరుగా పెద్ద టీచరమ్మ లక్ష్మీకాంతమ్మ గారి గదికి పోయి అడిగింది. ఆవిడ గుంటూరు మనిషి, భాషంటే ప్రాణం. ఆ రోజు నుంచి ఆవిడకు మజీదా అంటే ఎక్కడలేని ముద్దు.

ఇంతలో మా హార్మోనియం తిత్తిని ఎలుకలు కొరికాయి. బాగుచేసేవాడు మూడు నెలలు తిప్పించాడు. అదే సమయానికి నాకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాను. నేను తిరిగొచ్చేసరికి వాకిట్లో రెండు మీడియంల పిల్లలూ కలిసి రాష్ట్ర గీతం పాడుతున్నారు, ముందు నిలబడి మజీదా ఎత్తుకుంటోంది. ఉర్దూ మీడియం పిల్లలు అప్పటిదాకా పెదవులు కదిపి ఊరుకునేవాళ్ళు. వాళ్ళు కూడా గొంతెత్తి పాడుతున్నారు. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. బాగుందని నా చెవులకు తెలుస్తూనే ఉంది, కడుపు మాత్రం భగ్గుమంది.

లక్ష్మీకాంతమ్మ గారు నన్ను పిలిచి, "కళావతీ, నువ్వు పెట్టె వాయించు తల్లీ, పాట ఆ పిల్ల ఎత్తుకుంటుంది. నీకూ శ్రమ తగ్గుతుంది" అన్నారు. నా శ్రమ మీద ఎంత దయో! ఆ రోజు నుంచి నేను కూర్చుని వాయించేదాన్ని, ఆమె నా పక్కన నిలబడి పాడేది. భిక్షపతి కూడా గంట కొట్టడం మరిచిపోయి వింటూ నిలబడేవాడు. నేను పాడిన పదకొండేళ్ళలో వాడు ఒక్కనాడైనా గంట మరిచిపోయాడా? ఇంట్లో మా ఆయన ముందు, "తెలుగు పాట ఎత్తడానికి తెలుగువాళ్ళే దొరకలేదా?" అన్నాను. నాకు భాష మీద అంత అభిమానమేమీ లేదు, అసూయకు ఏదో ఒక సాకు కావలసి వచ్చింది. రెండేళ్ళు అట్లాగే గడిచాయి, నా మంట చల్లారలేదు.

డెబ్బై ఎనిమిదిలో నవంబరు ఒకటి, రాష్ట్ర అవతరణ దినానికి, పైఆఫీసు నుంచి ఒక అధికారి వస్తాడని తెలిసింది. లక్ష్మీకాంతమ్మ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. "మజీదా పోస్టు ఈసారి తేలిపోతుంది. ఆయన బాగుందని రాస్తే పర్మినెంటు. లేకపోతే డిసెంబరుతో సరి. పాట బాగా రావాలమ్మా, ఇద్దరు పిల్లల తల్లి" అన్నారు. "అట్లాగే మేడం" అన్నాను. అంటే నాకు తెలుసు. తెలియక చేశానని ఎవరైనా నన్ను వెనకేసుకొస్తే నమ్మకండి, తెలిసే చేశాను.

మేం రోజూ ఐదు శ్రుతిలో పాడేవాళ్ళం. హార్మోనియం మీద అది ఐదో తెల్ల మెట్టు, ఆడపిల్లల గొంతులకు హాయిగా ఉండే చోటు. వాయించేవాళ్ళు ఏ మెట్టు నొక్కితే పాడేవాళ్ళు అక్కడి నుంచే అందుకోవాలి. ఆరో మెట్టు పక్కన నల్ల మెట్టు ఉంటుంది, దాన్ని ఆరున్నర అంటాం. అక్కడ ఎత్తుకుంటే పల్లవి ఎట్లాగో గడుస్తుంది, చరణంలో పైకి పోయే చోట గొంతు చీలిపోతుంది. నా గొంతయితే పల్లవిలోనే చీలుతుంది. మజీదాది చరణంలో చీలుతుందని లెక్క వేసుకున్నాను.

ఆ పొద్దున కుర్చీలో అధికారి, పక్కన లక్ష్మీకాంతమ్మ గారు, ఎదురుగా వరుసల్లో పిల్లలు, అందరికంటే ముందు మూడో తరగతి చిన్నవాళ్ళు. నేను తిత్తి తెరిచి ఆరున్నర మీద వేలు పెట్టాను. మజీదా ఒక్కసారి నా చేతి వంక చూసింది, తర్వాత నా మొహం చూసింది. నేను తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాను. ఆమె అక్కడే ఎత్తుకుంది.

పల్లవి గడిచింది. చరణం పైకి పోయేసరికి చిన్నపిల్లలు కీచుమన్నారు. కొందరు నోరు మూసుకున్నారు, కొందరు నవ్వారు, ఒక పిల్ల దగ్గుతో వంగిపోయింది. మజీదా చటుక్కున ఆగిపోయింది. చెయ్యెత్తి అందరినీ ఆపింది. నాకు సంతోషమేసింది, నిజమే చెబుతున్నాను. చీలింది, దాని గొంతు చీలింది అనుకున్నాను.

"మాఫ్ చేయుండ్రి సార్. మల్ల సురూ చేస్తం" అంది. వాయించొద్దని నాకు సైగ చేసి, ఐదు దగ్గర తనే అందుకుంది. పిల్లలు చివరిదాకా శుభ్రంగా పాడారు.

కానీ అధికారి మొహం మాడిపోయి ఉంది. "ఇదేమన్నా పెళ్ళిపాటామ్మా, సగంలో ఆపి మళ్ళీ మొదలుపెట్టడానికి? రాష్ట్ర గీతం! ఒకసారి ఎత్తుకుంటే పూర్తయ్యేదాకా ఆగకూడదని తెలియదా?" అన్నాడు. తర్వాత లక్ష్మీకాంతమ్మ గారి వైపు తిరిగి, "తెలుగు టీచర్లు లేరా మీ బడిలో?" అని అడిగాడు. నేను మా ఇంట్లో అన్న మాటే ఆయన నోట వచ్చింది.

ఆయన వెళ్ళిపోయాక లక్ష్మీకాంతమ్మ గారు మజీదాను నిలదీశారు. "ఏమైందే నీకు? రోజూ పాడే పాటే కదా!" ఆవిడకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను పక్కనే ఉన్నాను. ఒక్కమాట చెబితే అయిపోయేది. మజీదా నా వైపు చూడనైనా లేదు. "గొంతు పట్టలేదు మేడం, తప్పు నాదే" అంది.

మర్నాటి నుంచి పాట మళ్ళీ నాకొచ్చింది. మూడు రోజులు నేల మీద నడవలేదు నేను. నాలుగో రోజు చూద్దును కదా, భిక్షపతి ఠంచనుగా గంట కొట్టేసి బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాడు. డిసెంబరు ఆఖరున మజీదా దారపు ఉండలు, కత్తెరలు అప్పజెప్పి వెళ్ళిపోయింది. జనవరిలో కాగితం రాలేదు. ఫిబ్రవరిలో ఆ పోస్టులోకి వేరే ఆమె వచ్చి చేరింది.

మార్చిలో ఏదో కాగితం మీద మజీదా సంతకం కావలసి వచ్చింది. భిక్షపతికి జ్వరం, నన్ను వెళ్ళమన్నారు. చూడకుండా తప్పించుకుందామనుకున్నదాన్ని, లాడ్‌బజార్ వెనక గల్లీలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. మెట్లెక్కుతుండగానే పాట వినబడింది. మా పాటే, సర్కారు పాట. పని చేసుకుంటూ తనలో తాను పాడుకుంటోంది. చరణం పైకి పోయింది, ఇంకా పైకి పోయింది, ఎక్కడా బిగుసుకోలేదు. నేను మెట్ల మీదే ఆగి విన్నాను. మా నాన్న నాకిచ్చిన ఆస్తి చెవులొక్కటే, అవి అబద్ధం చెప్పవు. ఆమె పాడుతున్నది ఆరున్నర కాదు, ఏడు.

లోపలికి పోయాను. బొగ్గుల కుంపటి ముందు కూర్చుని లక్క సాగదీస్తోంది. వేళ్ళ కొనలన్నీ కాలి నల్లబడ్డాయి. "అరె, కళావతక్కా! రా రా, కూసో. చాయ్ పెడ్త" అని లేవబోయింది. నాకు చాయ్ కాదు కావలసింది.

"ఆ రోజు గొంతు పట్టలేదన్నావు కదా మజీదా?"

ఆమె మళ్ళీ కూర్చుని లక్క అందుకుంది. "నాది పట్టిందక్కా. పోరలది పట్టలే. ముంగట నిలబడ్డ చిన్న పోరలు మెడ నరాలు ఉబ్బంగ ఒర్లుతున్నరు. గట్ల ఒర్లితె గొంతులు ఖరాబైతయ్. గందుకే ఆపిన."

"నేను శ్రుతి పెంచానని..."

"తెల్సు. రెండేండ్లు నీ పక్కన నిలబడ్డ, నీ వేలు ఏడుంటదో నాకు తెల్వదా? ముందుగాల చెయ్యి తప్పిందనుకున్న. తర్వాత నీ మొహం చూసిన."

"మరి ఎందుకు చెప్పలేదే? నీ ఉద్యోగం పోయింది కదే!"

"చెప్తె నీది గూడ పోతుండె. గప్పుడు పోరలకు పాట ఎవరు చెప్తరు?"

పెద్ద టీచరమ్మకు ఇప్పుడే పోయి అంతా చెప్పేస్తానన్నాను. "నక్కో అక్కా, వద్దు. ఆ నౌకరిల ఇంకోతామె చేరింది. ఆమె కడుపు కొడ్తమా ఇప్పుడు?" అంది. ఆ మాటకు నాకు హాయిగా ఊపిరాడింది. అంత సిగ్గులోనూ హాయిగానే ఊపిరాడింది, అదీ నా బతుకు.

కాగితం తీసి ఇచ్చాను. మసిచేతులు పైటకు తుడుచుకుని, ఉర్దూలో సంతకం చేసి ఇచ్చింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. తెరిస్తే వచ్చిన మాట వేరే.

"మజీదా, అసలు నీ గొంతు ఎందాక పోతుంది?"

ఆమె విస్తుపోయి నా మొహంలోకి చూసింది. అటువంటి ప్రశ్న ఒకటి ఉంటుందనే ఆమెకు ఎన్నడూ తోచినట్టు లేదు.

"ఏమో అక్కా, ఎన్నడు చూస్కోలే" అని, ఆరిపోతున్న కుంపటి విసురుకోవడానికి వంగింది.