ఎర్ర లైటు అడిగిన వేలు

పర్ణశాల దాటాక అడవి అంచున ఒక ఊళ్లో మా పెద్దమ్మ కొడుకు ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాడు. చుట్టుపక్కల గూడేల వాళ్లు అక్కడే వేలిముద్ర వేసి పింఛన్ తీసుకుంటారు. పోయిన వానాకాలం ఫోన్ చేశాడు. కంప్యూటర్‌లో సిస్టమ్ కొత్తగా వేయించాక వేలిముద్ర మిషన్ పనిచేయలేదట. నెట్‌లో మిషన్‌ను నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ దొరికితే వేశాడట.

"నడుస్తుంది గానీ ఏదో తేడా కొడుతుంది తమ్మీ."

ఖమ్మంలో నా పని కంప్యూటర్ల రిపేరే. మర్నాడు బస్సెక్కాను.

నేను చేరేసరికి పదకొండు. ముసురు పట్టి ఉంది. నన్ను చూసి అన్న టీ తేవడానికి వెళ్లాడు, అతని కుర్చీ ఖాళీ. బెంచీ మీద ఆరుగురు. ఎక్కువమందికి చదువు రాదు కాబట్టి అన్న వాళ్లకు ఒక్కటే నేర్పాడు: స్క్రీన్ చూడొద్దు, మిషన్‌లో ఎర్ర లైటు వెలిగితే బొటనవేలు పెట్టాలి, ఆరితే తీయాలి.

లైటు వెలిగింది. ముందున్న ముసలమ్మ లేచి వేలు పెట్టింది. ఆరింది. కూర్చుంది. అర నిమిషానికి మళ్లీ వెలిగింది, మళ్లీ లేచింది. స్క్రీన్ మీద మౌస్ బాణం గుర్తు దానంతటదే నెమ్మదిగా కదులుతోంది. తెలియని ఇంట్లో అలమారాలు వెతుకుతున్నట్టు ఒక్కో ఫోల్డర్ దగ్గర ఆగుతోంది.

"ఎన్నిసార్లు పెట్టినవ్ అవ్వా?"

"అడిగినప్పుడల్లా పెట్టిన బిడ్డా. మీ అన్న లేనప్పుడే ఎక్కువ అడుగుతది."

నెట్ వైరు పీకేశాను. బాణం సగం దారిలో నిలిచిపోయింది.

అన్న టీ గ్లాసులతో వచ్చాడు. "వైరెందుకు పీకినవ్? జనం కూసున్నరు."

"ఆ డ్రైవర్ ఏడిది అన్నా?"

"వెతికితే మొట్టమొదట వచ్చింది. యాంటీవైరస్ ఆపమన్నది, ఆపిన."

"గట్ల అడిగినప్పుడే ఆ సైట్ల నుంచి లేచి రావాలె అన్నా."

"లేచి ఏడికి పోవాలె, అడవిలకా?"

బెంచీ మీద వాళ్లు నవ్వారు. ముసలమ్మ నవ్వలేదు.

ఆ ఉదయం అన్న నోట్‌బుక్‌లో తొమ్మిది పేర్లున్నాయి. మిషన్ తనంతట రాసుకునే లాగ్‌లో వేలిముద్రలు ముప్పై ఒకటి. మిగతావి ఆ డ్రైవర్ వెంట చొరబడి, ఎక్కడినుంచో మిషన్ నడుపుతున్న దొంగలు అడిగినవి.

డిస్క్ మొత్తం తుడిచి, మా షాపు నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ మళ్లీ వేశాను. మిషన్ అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, తయారీ కంపెనీ సైట్ అడ్రసు నేనే టైపు చేసి, నా లాప్‌టాప్‌లో డ్రైవర్ దింపాను. ఫైల్ ప్రాపర్టీస్‌లో డిజిటల్ సంతకం ఆ కంపెనీదేనని చూశాకే ఎక్కించాను. అన్న పాస్‌వర్డ్‌లన్నీ కూడా నా లాప్‌టాప్ నుంచే మార్పించాను. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేం.

బెంచీ మీద వాళ్లకు జరిగింది చెప్పి, వాళ్ల వేలిముద్రలకు ఆధార్ సైట్‌లో తాళం వేయడం మొదలుపెట్టాను. ముసలమ్మ బటన్ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ నంబరుతో ముందు ఆమెది వేశాను. తెరిచేదాకా ఆ ముద్ర ఎవరికీ పనిచేయదు, ఆమెకు కూడా.

"నా వేలు ఆ దొంగల దగ్గర ఉన్నదా బిడ్డా?"

"తెల్వదు అవ్వా. పింఛన్ కోసం ఒక్క నిమిషం తాళం తీస్తా. నువ్వు తీసుకున్నంక మళ్లేస్తా."

ఆమె మిషన్ వైపు చూసింది.

"వద్దు. ఈ నెలకు వద్దు."

అన్న ఎంత చెప్పినా వినలేదు. బొటనవేలిని కొంగులో చుట్టి, రెండో చేత్తో గట్టిగా పట్టుకుని ముసురులోకి దిగింది.