పదకొండో గాలిమర తాళం

ఆయన్ని కొండ మీద అందరూ తాళాలాయన అనేవారు. నిజానికి ఆయన ఉద్యోగం గాలిమరలకు రిపేర్లు చేసే ముఠాకి ఫోర్‌మన్. మర ఎక్కే ప్రతి మనిషీ ముందు దాన్ని ఆపి, అడుగున ఉన్న స్విచ్చికి తన తాళం తానే వేసుకోవాలి. దిగాక తానే తీసుకోవాలి. ఒక్క తాళం వేలాడుతున్నా మర తిరగదు, పైన మనిషి ఉన్నట్టే లెక్క. ఈ రూలు చాలదన్నట్టు ఆయన ఇంకోటి తగిలించాడు. ఆఖరి తాళం తీసేముందు పైకి చూసి "దిగావా?" అని కేకెయ్యాలి, "దిగాను" అని జవాబు రావాలి.

"పక్కనే నిలబడ్డాను కదన్నయ్యా, కనబడట్లేదా?" అని తమ్ముడు నవ్వేవాడు.

"చెబితే నోరేం అరిగిపోతుందిరా చిన్నోడా? చెప్పు."

చిన్నోడిదీ ఆ ముఠానే. తండ్రి పోయాక పెంచిందీ, పని నేర్పిందీ అన్నే.

కొండ కింద నెలకో ఫ్యాక్టరీ లేస్తోంది. కరెంటు ఎంత పంపినా చాలడం లేదు. కొత్త ఉక్కు ఫ్యాక్టరీ మొదలయ్యే వారం గాలిమరల కంపెనీ మేనేజరు గంటగంటకీ ఫోన్ చేసి ప్రాణం తోడేశాడు. సరిగ్గా ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం చిన్నోడు పదకొండో మరకి గ్రీజు పెట్టి దిగి, ఆకలి మీద తాళం సంగతి మరిచిపోయి, తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి ఇంటికెళ్ళాడు.

అన్న చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "బుద్ధుందా నీకు? పది నిమిషాల్లో ఇక్కడుండాలి," అని ఫోన్లో కేకలేశాడు.

తాళం కోసే కత్తెర షెడ్డులోనే ఉంది. మనిషి దిగాడని కాగితం మీద రెండు సంతకాలు పెడితే కొయ్యొచ్చు. కానీ అన్నకి తమ్ముడికో పాఠం చెప్పాలనిపించింది. పాఠమట, పాఠం! చిన్నోడు బండి మీద ఆదరాబాదరా వస్తూ కొండ మలుపులో లారీ కింద పడ్డాడు.

తొమ్మిది రోజులు ఆ మర ఆగే ఉంది. మేనేజరు కాగితం పట్టుకుని తానే వచ్చాడు. "మీ బాధ నాకు తెలుసు. కానీ కింద ఒక షెడ్డు మొత్తం ఆగిపోయింది. మీరో సంతకం పెట్టండి, కోయించేద్దాం."

"ఆ రోజు కొయ్యలేదండీ. ఇవాళ నా చేత కోయించకండి."

తమ్ముడి పాడె మోసినవాళ్ళలో ఆయనా ఒకడు. అయినా తాళం ఉన్నంతసేపూ పైన మనిషి ఉన్నట్టే లెక్క కదా. ముప్పై ఏళ్ళు అదే చెప్పిన నోరు, అదే నమ్మిన మనసు. రోజూ వెళ్ళి ఆ మెట్ల దగ్గర కూర్చునేవాడు.

పదో రోజు మరదలు, చిన్నోడి భార్య, వచ్చింది. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన సంచిలోంచి తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది.

ఆయన తలెత్తలేదు. "నేనే పిలిచానమ్మా. కత్తెర దగ్గరుండి కూడా పిలిచాను."

"తెలుసు బావగారూ. ఫోను నా ఎదురుగానే ఎత్తారు. 'తప్పు నాదే, అన్నయ్యకి కోపం రాదూ మరి' అంటూ నవ్వుకుంటూ కంచం ముందునుంచి లేచారు. ఆ కంచం నేనింకా కడగలేదు."

పెద్దాయన భోరుమన్నాడు. ఆమె ఓదార్చలేదు, వెళ్ళిపోనూ లేదు. చాలాసేపటికి ఆయన లేచి తాళంచెవి అందుకున్నాడు. తాళం మీద చెయ్యి పడగానే, అలవాటు ఊరుకోదు కదా, తల పైకి లేచింది.

"చిన్నోడా, దిగావా?"

గొట్టంలాంటి ఆ స్తంభంలో మాట పైదాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఆయన చెయ్యి తాళం మీదే ఉండిపోయింది. జవాబు రానిదే తియ్యకూడదు.

వెనక నుంచి మరదలు మెల్లగా అంది. "దిగారు బావగారూ. తియ్యండి."

ఆయన తాళం తీశాడు. మర తిరగడం ఇద్దరిలో ఎవరూ చూడలేదు.